చిక్కీ కవర్లు ఎవరికివ్వాలి? మంత్రి గారికి ఒక హైస్కూలు టీచరు బహిరంగ లేఖ

గౌరవనీయులైన పాఠశాల విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను పల్నాడు జిల్లాలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో జీవశాస్త్రం చెప్తాను. బడి ఎకో క్లబ్ కూడా నా నెత్తినే ఉంది. మా స్టాఫ్ రూములో బీరువా వెనక నాలుగు గోతాలున్నాయి. వాటి నిండా ఖాళీ చిక్కీ కవర్లు. వాటిని ఎవరికివ్వాలో తెలియక మీకు రాస్తున్నాను. జీతాల గురించో బదిలీల గురించో కాదు కాబట్టి చివరిదాకా చదువుతారని ఆశ.

మధ్యాహ్న భోజనంలో మా పిల్లలకు వారానికి ఐదు గుడ్లు, మూడు రోజులు చిక్కీ, మూడు రోజులు రాగి జావ వస్తున్నాయి. మిరప కోతల కాలంలో తల్లులు చీకటితోనే ఆటో ఎక్కి పోతారు. పిల్లలు రాత్రి మిగిలింది తినో, తినకుండానో బడికొస్తారు. అలాంటి పిల్లకి ఆ పల్లీ చిక్కీ ఎంత అక్కరో రోజూ కళ్లారా చూస్తున్నాను. చిక్కీ ఆపమని నేను అనట్లేదు. ముందే చెప్తున్నాను, ఎందుకంటే ఇలాంటి ఉత్తరాలు ఒక్కోసారి ఉన్నదాన్ని కూడా ఊడగొడతాయి.

మా బడిలో 400 మంది పిల్లలు. అంటే వారానికి 1,200 కవర్లు. ఏడాదికి సుమారు 220 రోజులు బడి నడుస్తుంది, అందులో సగం చిక్కీ రోజులు. ఒక్క మా బడిలోనే 44,000 కవర్లు. ఈ గుణింతం చేసింది నేను కాదు, ఎనిమిదో తరగతి పిల్లలు. చేసి, బోర్డు మీద రాసి, కింద గీత గీసి, నా వైపు చూశారు.

దీని మొదలు ఇంకా చిన్నది. తడి చెత్త, పొడి చెత్త గురించి చెప్తుంటే ఒక పిల్ల లేచి, "మేడం, చిక్కీ కవరు తడా, పొడా?" అంది. పొడి అన్నాను. "పొడి చెత్త ఎక్కడికి పోతుంది మేడం?" అంది. పంచాయతీ వాళ్ల సంపద తయారీ కేంద్రానికి, అంటే చెత్తని వేరుచేసే షెడ్డుకి, పోతుందని చెప్పాను. పుస్తకంలో లేకపోయినా గవర్నమెంటు పోస్టర్ల మీద అలాగే ఉంటుంది. మర్నాడు ఆ పిల్ల పొద్దున్నే నా దగ్గరకొచ్చి, "మేడం, సాయంత్రం సైకిలేసుకుని వెళ్లి చూశా. గేటుకి తాళం ఉంది. లోపల ఎవరిదో వరిగడ్డి ఉంది" అంది. నాకు ఏం చెప్పాలో తోచలేదు. అప్పుడే పిల్లలు, "దారి దొరికేదాకా మనమే దాచుకుందాం మేడం" అన్నారు.

దాచడం అనుకున్నంత తేలిక కాదు. మొదటి గోతానికి వారంలోనే చీమలు పట్టాయి. రెండో వారం ఎలుకలు కొట్టేశాయి. కవరు లోపల బెల్లం పాకం అంటుకుని ఉంటుంది, పల్లీ పొట్టు ఉంటుంది, మరి రావా? కడగాలన్నారు పిల్లలు. వెయ్యి కవర్లు కడగడానికి నీళ్లెక్కడివి? బోరు ఎండాకాలంలో ఎలా దగ్గుతుందో మీకు తెలియనిది కాదు. చివరికి ఒక పిల్లాడు దారి చెప్పాడు: భోజనమయ్యాక కంచాలు కడిగే చోట, ఆఖరిసారి కడిగిన నీళ్లు మురుక్కి వదలకుండా ఒక బకెట్‌లోకి పట్టి అందులో కవర్లు జాడించడం. ఇప్పుడు చిక్కీ రోజు సాయంత్రం మా సైకిల్ స్టాండు దగ్గర కొబ్బరి తాడుకి, చేపలు ఎండబెట్టినట్టు, కవర్లు వేలాడుతుంటాయి. కొత్తగా వచ్చిన వాళ్లు ఏదైనా పండగా అని అడుగుతారు.

పాత సామాన్లు కొనే అతను వారానికోసారి మా వీధిలోకొస్తాడు. రఫ్ నోట్సులు కొన్నాడు, అట్టపెట్టెలు కొన్నాడు, నీళ్ల సీసాలు కొన్నాడు. ఆ డబ్బుతోనే రెండు పారలు, ఒక జల్లెడ కొన్నాం. గోతాం మూతి విప్పి కవర్లు చూపిస్తే మాత్రం నవ్వాడు. "ఇయ్యి ఎవురూ తీసుకోరు మేడం, ఊరకిచ్చినా వద్దు" అన్నాడు. అతని తప్పేం లేదు. పొరలు పొరలుగా అంటించిన పల్చటి ప్లాస్టిక్‌ని విడదీసి కరిగించడం ఖర్చుతో పని, కొనేవాడు ఉండడు.

ఇక్కడే నాకు కడుపు మండే సంగతి ఒకటుంది. మా డాబా ఎక్కితే దూరంగా సిమెంటు ఫ్యాక్టరీ గొట్టం కనిపిస్తుంది. మా జిల్లాలో దాచేపల్లి నుంచి మాచర్ల దాకా సున్నపురాయి ఉన్నచోటల్లా ఫ్యాక్టరీలే. సిమెంటు బట్టీలో క్లింకర్ (నూరితే సిమెంటయ్యే ఉండలు) తయారవ్వాలంటే 1,450 డిగ్రీల దాకా వేడి కావాలి. మళ్లీ వాడటానికి పనికిరాని ప్లాస్టిక్‌ని అక్కడ బొగ్గుతో పాటు కాల్చుకోవచ్చని, లేకపోతే రోడ్ల తారులో కలుపుకోవచ్చని 2016 నాటి ప్లాస్టిక్ వ్యర్థాల నిబంధనల్లోనే ఉంది. తారులో ప్లాస్టిక్ కలిపి రోడ్డు వేసే పద్ధతి కనిపెట్టిన మదురై కెమిస్ట్రీ ప్రొఫెసర్ రాజగోపాలన్ వాసుదేవన్ గారికి 2018లో పద్మశ్రీ కూడా ఇచ్చారు. అంటే కవరుకి గమ్యం ఉంది. అదీ మా కంటికి ఆనేంత దూరంలో ఉంది. బడి నుంచి అక్కడికి పోయే దారే లేదు. అందుకని చాలా బళ్లలో ఆ కవర్లు వెనక గోడ దగ్గర, ఒక అగ్గిపుల్లతో, నల్లటి పొగలో పోతున్నాయి. మా బడిలోనూ మొన్నమొన్నటిదాకా అంతే. ఆరుబయట చెత్త కాల్చకూడదని నిబంధన ఉన్న సంగతి నాకు తెలుసు. నా కళ్లముందే కాలుతుంటే నేనూ ఊరుకున్నాను.

2025 జనవరి నుంచి నెలలో మూడో శనివారం స్వచ్ఛాంధ్ర కార్యక్రమం చేస్తున్నాం. మంచిదే. ఊడుస్తాం, ప్రతిజ్ఞ చేస్తాం, ఫొటో తీసి పంపుతాం. ఊడ్చిన కుప్ప ఎక్కడికి పోయిందని మాత్రం ఇప్పటిదాకా మమ్మల్ని ఎవరూ అడగలేదు. ఫొటోలో అది కనపడదు కదా, గోడ వెనక ఉంటుంది.

ఇప్పుడు గుడ్ల సంగతి చెప్తాను. నేను అడగబోయేదానికి మూలం అదే. గుడ్లు తెచ్చే ఆటో అతను నిండు అట్టలు దించి, పోయినసారి ఖాళీ అట్టలు లెక్కపెట్టుకుని ఎక్కించుకుని పోతాడు. ఒక్క అట్ట తక్కువైనా వంటమ్మతో గొడవే. ఎవరూ జీవో ఇవ్వలేదు, యాప్ పెట్టలేదు, శిక్షణ తరగతులు నడపలేదు. ఆ అట్ట అతనికి మళ్లీ కావాలి, అంతే. నా చిన్నప్పుడు గోలీసోడా సీసా కూడా అలాగే కొట్టుకి తిరిగి పోయేది. వచ్చిన బండి ఖాళీగా పోవడం ఎందుకు? చిక్కీ పెట్టెలు దించే వ్యాను కూడా ఖాళీగానే పోతోంది. మా నాలుగు గోతాలు దాంట్లో ఒక మూల పడితే చాలు.

చిక్కీ విడి కవర్లలో కాకుండా కిలో ప్యాకెట్లలో పంపితే సరి అని మా స్టాఫులోనే కొందరంటారు. నాకు ఒప్పుదల లేదు. వానాకాలంలో చిక్కీ గంటలో సాగిపోతుంది. ఈగలు, చేతులు, ముక్క చిన్నదని ఏడుపులు, లెక్క తేలక టెన్షన్. విడి కవరు ఉండనివ్వండి. పంపిన వాళ్లే తీసుకుపోవాలని టెండరు కాగితంలో ఒక్క వాక్యం చేర్చండి. ఇది నా సొంత కవిత్వం కాదు. సరుకును ప్లాస్టిక్‌లో కట్టి అమ్మేవాళ్ల మీద ఆ ప్లాస్టిక్ బాధ్యత పెట్టింది కేంద్ర నిబంధనలే, 2022 ఫిబ్రవరిలో దానికి మార్గదర్శకాలూ ఇచ్చారు. కొనేది ప్రభుత్వమే అయినప్పుడు ఆ మాట అడిగే హక్కు మీకున్నంతగా ఇంకెవరికుంటుంది?

మా చేతిలో ఉన్నంతవరకు మేం చేస్తూనే ఉన్నాం. వేపాకు, మిగిలిన అన్నం, కూరగాయల తొక్కలు, గుడ్డు పెంకులు ఎరువు కోసం గోతిలో వేస్తున్నాం. మొదటి గొయ్యి కంపు కొట్టి చచ్చాం. జూలైలో అన్నం ఒక్కటే వేశాం, పురుగులు పట్టాయి, హెడ్మాస్టరు గారు పూడ్చేయమన్నారు. తర్వాత తెలిసింది, ఎండాకు సరిపడా లేదని. నత్రజని ఒక పాలు ఉంటే కర్బనం (ఎండాకులో ఎక్కువగా ఉండేది) 30 పాళ్లు ఉండాలని నేను ఏళ్ల తరబడి బోర్డు మీద రాశాను కానీ, గోతిలో ఒక వరస అన్నానికి ఎన్ని బుట్టల ఆకు పడుతుందో పిల్లలు చేసి చూపిస్తేనే నాకు అర్థమైంది. రెండో గొయ్యి ఆరో రోజు ఒక పిల్లాడు మోచేతి దాకా చెయ్యి పెట్టి, "మేడం, కాల్తంది!" అని కేక పెట్టాడు. ల్యాబ్ థర్మామీటరు పెడితే 58 డిగ్రీలు. ఆ రోజు సూక్ష్మజీవుల పాఠం మళ్లీ చెప్పాల్సిన పని లేకపోయింది. వానకి తడవకుండా గోతి మీద పాత ఫ్లెక్సీ కప్పాం. మీటింగులకు కట్టింది. పెద్దల బొమ్మలు లోపలి వైపుకి పోయాయి, ఏమీ అనుకోకండి.

ఆ ఎరువుతోనే బడిలో మునగ, కరివేపాకు, టమాటా పెరుగుతున్నాయి. మా వంటమ్మ కరివేపాకు కొనడం మానేసింది. గుడ్డు పెంకు మీద నిమ్మరసం పోస్తే పొంగే నురగ చూపించి కాల్షియం కార్బొనేట్ పాఠం కూడా అయిపోయింది.

రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించిన సంగతి ఒకటుంది, రాస్తున్నాను. 2021లో 'స్వేచ్ఛ' పేరుతో ఏడో తరగతి నుంచి ఇంటర్ దాకా ఆడపిల్లలకు నెలకు 10 ప్యాడ్లు ఇవ్వడం మొదలుపెట్టారు. ఆ తర్వాత నెలసరి రోజుల్లో బడి మానే పిల్లలు మా దగ్గర తగ్గారు. ఇది నేను హాజరు పట్టీ చూసి చెప్తున్న మాట. అయితే వాడిన ప్యాడ్ ఎక్కడ వేయాలి? తరగతి గదిలో డస్ట్‌బిన్ దగ్గరికి పొట్లం పట్టుకుని ఏ పిల్లా నడవదు. అవి మరుగుదొడ్డి గొట్టంలోకి పోతున్నాయి. పోయిన ఏడాది రెండుసార్లు గొట్టం మూసుకుపోయింది. రెండుసార్లూ మా ఆయమ్మ వెదురు బద్దతో, ఆ తర్వాత చేత్తో తీసింది. గ్లవుజులు నా డబ్బుతో కొన్నాను. అదేం గొప్ప కాదు, రెండోసారికి గుర్తొచ్చింది. ప్యాడుతో పాటు చుట్టి పారేసే కవరు కూడా తయారుచేసే కంపెనీయే ఇవ్వాలని 2016 ఘన వ్యర్థాల నిబంధనల్లోనే పెట్టారు. ఇచ్చే ప్యాకెట్‌లోనే పది కాగితం కవర్లు పెట్టించండి. ఆడపిల్లల మరుగుదొడ్డి లోపల మూత ఉన్న బుట్ట, దాన్ని వారానికి రెండుసార్లు తీసుకుపోయే మనిషి, ఆ మనిషికి వేరే కూలి. ఇదొక్కటీ చిక్కీ కవర్ల కంటే ముందు చేసినా నాకు సంతోషమే.

ఇంకో గదికి తాళం ఉంటుంది మా బడిలో. అందులో విరిగిన బెంచీలు, మాడిపోయిన ట్యూబులైట్లు, పనిచేయని కంప్యూటర్లు, 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతికి ఇచ్చిన ట్యాబుల్లో పగిలి వెనక్కి వచ్చినవి. స్టాక్ రిజిస్టరులో ఉన్నది బయటపడేయడానికి హెడ్మాస్టరుకు ధైర్యం చాలదు. కండెమ్ చేయించాలంటే, అంటే పనికిరాదని రాయించి లెక్కలోంచి తీయించాలంటే, కాగితం పైకి పోవాలి, పోయిన కాగితం రాదు. ట్యూబులైట్‌లో పాదరసం ఉంటుంది, అది పగిలితే ఆ గదిలోకి పోయేది మళ్లీ పిల్లలే, క్రికెట్ బంతి కోసం. ఏడాదికోసారి, వేసవి సెలవుల్లో, మండలానికి ఒక బండి పంపి ఈ సామానంతా రసీదు ఇచ్చి తీసుకుపొమ్మనండి. రసీదు ముఖ్యం. అది లేకపోతే ఏ హెడ్మాస్టరూ గది తాళం తీయడు.

ఎకో క్లబ్ ఖర్చుకు హైస్కూలుకు ఏడాదికి 25 వేల దాకా ఇవ్వొచ్చని సమగ్ర శిక్ష నిబంధనల్లో ఉంది. వచ్చినప్పుడు వస్తుంది. వచ్చిన ఏడు కూడా చివర్లో వచ్చి, వారంలో ఖర్చుపెట్టి బిల్లులు పెట్టమంటారు. వారంలో మొక్కలు కొనొచ్చు, బతికించలేం. జూలైలో సగమే ఇచ్చినా చాలు. డిసెంబరు వచ్చిందంటే పదో తరగతి వంద రోజుల ప్రణాళిక మొదలవుతుంది, నన్ను ఎకో క్లబ్ పేరెత్తనివ్వరు, నేనూ ఎత్తను. ఒక విన్నపం మాత్రం: ఈ ఉత్తరం చూసి చిక్కీ కవర్ల లెక్క రోజూ అప్‌లోడ్ చేయమని కొత్త యాప్ పెట్టించకండి. నా సాటి టీచర్లు నన్ను బతకనివ్వరు.

గుంటూరు జిల్లాలో స్వచ్ఛ రథాలని పొడి చెత్త తీసుకుని సరుకులిచ్చే బండ్లు తిరుగుతున్నాయట. ఆ బండి నెలకోసారి హైస్కూలు గేటు ముందు ఆగినా మా పని సగం అయినట్టే. అది కవర్లు కూడా తీసుకోవాలి, సీసాలు, అట్టలు మాత్రమే కాదు. సీసాలకైతే మాకు వేరే మనిషి ఉన్నాడు.

నాలుగో గోతాం నిన్న నిండింది. మూతి కుట్టింది తొమ్మిదో తరగతి అబ్బాయి, వాళ్ల నాన్న మిర్చి బస్తాలు కుట్టే దబ్బనం తెచ్చి. గోతాల మీద తేదీ, కవర్ల లెక్క మార్కరుతో రాసిపెట్టాం. ఐదోది తెచ్చిపెట్టమన్నారు పిల్లలు, కానీ బీరువా వెనక చోటు లేదు. సోమవారం మళ్లీ చిక్కీ రోజు. ఎక్కడికి పంపాలో ఒక ముక్క రాయించండి.

ఇట్లు,
జీవశాస్త్రం ఉపాధ్యాయురాలు,
ఒక జిల్లా పరిషత్ హైస్కూలు, పల్నాడు జిల్లా