నాన్న కోసం పరుగెత్తిన అందరికీ థ్యాంక్స్

నిన్న నాన్నని డిశ్చార్జ్ చేశారు. ఇంటికి రాగానే పేపర్ అడిగి, రెండు పార్టీలనీ తిట్టారు, కాబట్టి మనిషి పూర్తిగా తేరుకున్నట్టే.

తెలియనివాళ్లకి: నాన్నకి లివర్ సిరోసిస్, అంటే లివర్ గట్టిపడి పాడైపోయే జబ్బు. మందు తాగి కాదు, షుగర్, ఫ్యాటీ లివర్ వల్ల (ఈ ప్రశ్న ఇక అడగకండి ప్లీజ్). పోయిన వారం పగలంతా నిద్ర, రాత్రంతా మెలకువ, టీవీ రిమోట్ చెవికి ఆనించుకుని హలో హలో అనడం. బంధువుల్లో ఒకరు గాలి సోకిందన్నారు, ఇంకొకరు వయసు మీద పడిందన్నారు. ఎదురింటి నర్సు అక్క ఒక్కతే, "బాబాయ్, బస్సు ఆపినట్టు చేతులు చాపి అరచేతులు పైకెత్తండి" అంది. అవి నిలవలేదు, టపటపా కిందకి వాలిపోతున్నాయి. "ఇది మతిమరుపు కాదు, లివర్. ఇప్పుడే బయల్దేరండి" అని తనే ఆటో పిలిచింది. అక్కా, నీకెలా చెప్పాలో తెలియట్లేదు.

రాత్రి డ్యూటీలో ఉన్న డాక్టర్‌గారు ఓపిగ్గా చెప్పారు: పేగుల్లో పుట్టే అమ్మోనియాని లివర్ యూరియాగా మార్చేయాలి, అది చేతకానప్పుడు రక్తంతో పాటు మెదడుకి ఎక్కేస్తుంది. నాన్నకి అసలే మలబద్ధకం, పైగా నిద్ర పట్టట్లేదని ఒక క్లినిక్‌లో రాసిచ్చిన నిద్రమాత్ర, రెండూ కలిసి ముంచేశాయి. ఎనిమా, ల్యాక్టులోజ్ అనే విరేచనాల సిరప్, పేగుల్లో బ్యాక్టీరియాని తగ్గించే రిఫాక్సిమిన్ మాత్రలతో దారికొచ్చారు. ఇప్పుడు రోజుకి 2-3 సార్లు మెత్తగా విరేచనం అయ్యేలా సిరప్ మోతాదు సర్దుకోవాలట. ముఖం చిట్లించకుండా రాత్రంతా దుప్పట్లు మార్చిన ఆయమ్మలకి చేతులెత్తి దండం.

అందరికంటే ఆశ్చర్యపరిచింది డైటీషియన్ మేడమ్. మాకు ఇదివరకు పప్పు, గుడ్డు మానేయమన్నారు. ఈవిడేమో కిలో బరువుకి రోజుకి 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రొటీన్ పెట్టాల్సిందే అన్నారు, ఎందుకంటే లివర్ చేయలేని పనిలో కొంత కండలు చేస్తాయి, కండ కరిగితే అమ్మోనియా ఇంకా పెరుగుతుంది. ఈ జబ్బులో లివర్‌లో చక్కెర నిల్వ బాగా తగ్గిపోతుంది కాబట్టి రాత్రి కడుపు ఖాళీగా ఉంచినా కండే కరుగుతుందట, అందుకే పడుకునే ముందు కూడా ఏదో ఒకటి తినిపించమన్నారు. నాన్న ఈ సలహా ఒక్కటి మాత్రం వెంటనే ఒప్పుకున్నారు.

లివర్ మార్పిడికి జీవన్‌దాన్ (ప్రభుత్వ అవయవదాన పథకం) రిజిస్ట్రేషన్ కాగితాల కోసం ఆఫీసుకి సెలవు పెట్టి తిరిగిన తమ్ముడి ఫ్రెండ్స్‌కి కూడా థ్యాంక్స్ రా.

చూడ్డానికి వచ్చేవాళ్లు సాయంత్రం పూట రండి. ఆవకాయ మాత్రం తేకండి, ఉప్పు తగ్గించమన్నారు, ఆయన చాటుగా ఫోన్ చేసి అడిగినా సరే.