బైపాస్ చేశారు సరే, సందులు కుట్టారా?

సంపాదకులు గారికి నమస్కారం.

బరువు తగ్గించే ఆపరేషన్ల గురించి మీ ఆరోగ్య పేజీలో వ్యాసం చదివాను. షుగరు ఎలా అదుపులోకి వస్తుందో, తర్వాత ఏం తినాలో బాగానే రాశారు. పేగు కడుపు లోపలే ఓ సందులోకి జారి ఇరుక్కునే ఇంటర్నల్ హెర్నియా ఊసే లేదు. నేను తెనాలిలో జనరల్ సర్జన్ని. ఈ ఆపరేషన్లు నేను చెయ్యను. నగరంలో చేయించుకుని వచ్చినవాళ్లకు అర్ధరాత్రి కడుపునొప్పి వస్తే మాత్రం మా గుమ్మమే ఎక్కుతారు.

మామూలు హెర్నియా బయటికి ఉబ్బుతుంది, చేతికి తగులుతుంది. ఇది తగలదు. గ్యాస్ట్రిక్ బైపాస్‌లో చిన్నపేగును కోసి దారి మళ్లించినప్పుడు, పేగుల్ని పట్టి ఉంచే పొరల మధ్య సందులు మిగులుతాయి. వాటిలో ఒకటి పీటర్సన్ సందు. ఆపరేషన్ నాడు ఆ పొరల నిండా కొవ్వు ఉంటుంది కనుక సందు ఇరుకే. మనిషి సన్నబడేకొద్దీ ఆ కొవ్వూ కరిగి సందు వెడల్పవుతుంది. ‘ఎంత తగ్గావమ్మా!’ అని చుట్టాలంతా మెచ్చుకునే రోజుల్లోనే, ఏడాదికో రెండేళ్లకో, పేగు అందులోకి జారుతుంది. పేగు జోలికి పోకుండా జీర్ణాశయాన్ని మాత్రమే కోసి చిన్నది చేసే స్లీవ్ ఆపరేషన్లో ఈ బెడద లేదు.

ఈమధ్య గ్యాస్ట్రిక్ బైపాస్ అయిన ఒకావిడ వచ్చింది. అన్నం తిన్నాక బొడ్డు పైన మెలిపెట్టే నొప్పి, వీపులోకి పోటు. ముందుకు వంగి కూర్చుంటే కాస్త నయం. వాంతుల్లేవు. ఎక్స్‌రే, ఎండోస్కోపీ బాగున్నాయని, వెళ్లినచోటల్లా గ్యాస్ బిళ్లలిచ్చి పంపారట. డిశ్చార్జి సమ్మరీలో షుగరు మందుల మోతాదులతో సహా అన్నీ ఉన్నాయి, సందులు మూశారా లేదా అన్నది తప్ప. ఆ ఆస్పత్రికి ఫోన్ చేస్తే రికార్డుల విభాగం పొద్దున్నే తెరుస్తారన్నారు! సీటీ స్కాన్‌లో పేగు రక్తనాళాలు సుడి తిరిగి కనిపించాయి. ల్యాప్రోస్కోప్ పెట్టి చూస్తే కడుపులో పాలలాంటి తెల్లటి నీరు, చిన్నపేగు చాలావరకు సందు అవతల. అదృష్టం, రంగు చెడలేదు. వెనక్కి లాగి సందు కుట్టేశాం. పేగు నల్లబడి ఉంటే కోసి తీసెయ్యాల్సి వచ్చేది.

కుడితే ఉపయోగమేనా అన్న సందేహం ఎప్పుడో తీరింది. స్వీడన్‌లో 12 ఆస్పత్రుల్లో 2,507 మందిపై జరిగిన అధ్యయనం 2016లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. పేగు మూసుకుపోయి మూడేళ్లలోపు మళ్లీ ఆపరేషన్ అవసరమైనవాళ్లు, సందులు వదిలేసిన వర్గంలో 10.2 శాతం, కుట్టినవాళ్లలో 5.5 శాతం. కుట్టడంలోనూ చిక్కుంది. పేగు అతుకు దగ్గర మడతపడవచ్చు. ఆ అధ్యయనంలోనే మొదటి నెలలో తీవ్ర ఇబ్బందులు 2.8 నుంచి 4.3 శాతానికి పెరిగాయి. అయినా నా ఓటు కుట్టడానికే. కుట్టినా ముప్పు పూర్తిగా పోదని రోగికి చెప్పాలి.

నేనడిగేది పెద్ద కోరికేం కాదు. ఏ రకం బైపాస్, ఏ సందులు ఉన్నాయి, ఏ దారంతో మూశారు, ఈ ఒక్క వాక్యం సమ్మరీలో రాయండి. రోగులు ఆ కాగితం ఫొటో ఫోనులో ఉంచుకోవాలి. క్యాజువాల్టీలో అడుగుపెట్టగానే ‘నాకు గ్యాస్ట్రిక్ బైపాస్ అయింది’ అనే మాట ముందు చెప్పాలి. సీటీ ఒక్కోసారి దీన్ని పట్టుకోలేదు. నొప్పి పదేపదే వస్తుంటే రిపోర్టు బాగుందని ఇంటికి పంపకుండా ల్యాప్రోస్కోపీ చేసి చూడాల్సిందే. గర్భిణుల విషయంలో మరీను. ఎదిగే గర్భసంచి పేగుల్ని పైకి నెడుతుంది, నొప్పేమో నెలల నొప్పుల ఖాతాలోకి పోతుంది.

— ఒక సర్జన్, తెనాలి