లీటరు నీళ్లు ఒక్కసారే తాగితే నిలవవు

సంపాదకులకు నమస్కారం.

‘రోజుకు ఎనిమిది గ్లాసులు’ అన్న సలహా ఆరోగ్యం పేజీల్లో తరచూ చూస్తుంటాం. ఆ లెక్క తీర్చడానికి చాలామంది పరగడుపునే లీటరు, లీటరున్నర గటగటా తాగేసి, మళ్లీ సాయంత్రం దాకా నీళ్ల ఊసెత్తరు. ఎంత తాగాలో చెప్పి, ఎలా తాగాలో చెప్పకపోతే జరిగేది ఇదే.

అన్ని నీళ్లు ఒక్కసారే లోపలికి వెళ్తే రక్తం కొద్దిగా పలచబడుతుంది. నీటిని పట్టి ఉంచమని మూత్రపిండాలకు చెప్పే వాసోప్రెసిన్ హార్మోను వెంటనే తగ్గిపోతుంది. దాంతో తాగినదాంట్లో చాలా భాగం రెండు మూడు గంటల్లోనే నీళ్లలాంటి మూత్రంగా పోతుంది. మధ్యాహ్నానికి మళ్లీ నోరెండుతుంది. అదే నీటిని గంటకో గంటన్నరకో ఒక గ్లాసు, అంటే 200 మిల్లీలీటర్ల చొప్పున తాగితే ఒంటికి పడుతుంది.

ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2010లో చెప్పిన ప్రకారం, ఓ మోస్తరు ఎండలో ఓ మోస్తరు శ్రమ చేసే ఆడవాళ్లకు రోజుకు 2 లీటర్లు, మగవాళ్లకు 2.5 లీటర్లు చాలు. తిండిలోని నీరు కూడా ఇందులో కలిసే ఉంది. ఎండలో పనిచేసేవాళ్లకు, జ్వరం, విరేచనాలు ఉన్నవాళ్లకు ఇది సరిపోదు.

అంకె కన్నా మూత్రం రంగు నమ్మదగ్గ గుర్తు. లేత గడ్డి రంగులో ఉంటే సరిపడా తాగుతున్నట్టే, ముదురు పసుపైతే చాలడం లేదన్నమాట. అయితే పొద్దున లేవగానే వచ్చేది ఎవరికైనా చిక్కగానే ఉంటుంది కాబట్టి మధ్యాహ్నం చూసుకోవాలి. కమోడ్ నీళ్లలో కలిశాక చూస్తే పలచగా కనిపించి మోసపోతాం, ధారనే చూడాలి. బి విటమిన్ మాత్రలు వేసుకునేవాళ్లకు ఈ గుర్తు పనికిరాదు, ఎంత తాగినా పసుపు దట్టంగానే వస్తుంది.

వయసు మళ్లినవాళ్ల విషయం మరీ బాధ కలిగిస్తుంది. వాళ్లకు దాహమే సరిగా తెలియదు. పైగా రాత్రి లేవాల్సి వస్తుందని మధ్యాహ్నం నుంచే మానేస్తారు. ముప్పావు లీటరు సీసా చేతికందే చోట పెట్టి, ఒకటి మధ్యాహ్నం భోజనంలోపు, రెండోది సాయంత్రం ఆరులోపు అయ్యేలా ఇంట్లోవాళ్లు చూడాలి. ఆపైన మాత్రలకు, భోజనానికి కావలసినన్ని గుక్కలు చాలు.

అతి కూడా ప్రమాదమే. మూత్రపిండాలు గంటకు సుమారు లీటరుకు మించి బయటకు పంపలేవు. గంటల తరబడి అంతకన్నా ఎక్కువ తాగితే రక్తంలో సోడియం పడిపోయి తలనొప్పి, వాంతులు, తికమక, చివరికి ఫిట్స్ దాకా పోవచ్చు. చాలాసేపు చెమటోడ్చినప్పుడు వట్టి నీళ్లతో సరిపెట్టకుండా ఉప్పున్న తిండి కూడా తీసుకోవాలి.

ఇకమీదట ఆ ఎనిమిది గ్లాసుల మాట వేసినప్పుడల్లా దాని కిందే ఇంకో రెండు వాక్యాలు కూడా వేయమని నా మనవి: గుండె వైఫల్యం, మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లు డాక్టరు చెప్పిన కొలత దాటకూడదు. ఆరు నెలలు నిండని పసిపిల్లలకు నీళ్లు పట్టకూడదు.

– ఒక పాఠకురాలు