టర్ఫ్ అంటే ప్లాస్టిక్ గడ్డి కాదు, మంత్రి గారూ

గౌరవనీయులైన క్రీడల శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నగరంలోని క్రికెట్ క్లబ్ కోచ్‌లం, స్కోరర్లం, వికెట్లు (అంటే పిచ్‌లు) తయారుచేసే మైదానం పనివాళ్ళం కలిసి రాస్తున్న ఉత్తరం ఇది. మట్టి పిచ్‌లను కాపాడమని ఇదివరకు ఇచ్చిన వినతిపత్రాలకు ఇన్‌వర్డ్ ముద్ర పడింది, జవాబు రాలేదు. అందుకే ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాం.

మీ మైదానాల పథకంలో ‘టర్ఫ్’ అన్న మాట పదేపదే వస్తోంది. ఆ మాటకు ఇప్పుడు అర్థం మారిపోయింది సార్. పదిహేనేళ్ళ కుర్రాణ్ణి అడిగితే పచ్చటి ప్లాస్టిక్ గడ్డి, చుట్టూ వల, పైన లైట్లు, గంటకింత అద్దె అని చెప్తాడు. వాడు చూసింది అదే మరి. టెస్టుల్లా రోజుల తరబడి సాగే ఎర్రబంతి ఆటలో టర్ఫ్ వికెట్ అంటే మట్టి. మొదటి రోజు ఒకలా, మూడో రోజు ఇంకోలా ప్రవర్తించే మట్టి. ఆ మట్టి మీదే మా గొడవంతా.

ఆ వికెట్ ఎలా తయారవుతుందో ఒక్కసారి వినండి. 22 గజాల పొడవు, 10 అడుగుల వెడల్పు. అడుగున కంకర, ఆపైన ఇసుక, దానిమీద ఆరేడు అంగుళాల మందాన బంకమట్టి. ఆ బంకమట్టిని ఒక్కసారే పోసేస్తే పనికిరాదు. పలచటి పొరగా పరిచి, తడిపి, రోలరు తిప్పి, అది కుదురుకున్నాకే మీద ఇంకో పొర వేయాలి. పైన గరిక పెంచాలి, ఎందుకంటే దాని వేళ్ళే మట్టిని పట్టి ఉంచుతాయి. మ్యాచుకు పది పన్నెండు రోజుల ముందు నీళ్ళు లోపలిదాకా దిగేలా తడుపుతారు. తర్వాత బొటనవేలితో నొక్కి చూస్తారు. మట్టి వేలికి అంటుకుంటే ఇంకా ఆగాలి. అంటకుండా అచ్చు మాత్రం పడితే తేలిక రోలరు దించవచ్చు. టన్ను బరువుండే పెద్ద రోలరు ఆ తర్వాతే, అదీ నడకకంటే నెమ్మదిగా. తొందరపడి పచ్చి మీదే తిప్పితే పైపొర రోలరుకు అంటుకుని లేచొచ్చేస్తుంది. బాగా ఎండాక తిప్పితే పైన పెంకు కట్టి లోపల గుల్లగా మిగులుతుంది. అలాంటి వికెట్ మీద రెండో రోజుకే పెచ్చులు లేస్తాయి. ఒక బంతి మోకాలి కింద పోతుంది, అదే చోట పడిన మరో బంతి పక్కటెముకలకు తగులుతుంది. నల్లరేగడి అయితే ఎండేకొద్దీ నెర్రెలిస్తుంది కనుక నీళ్ళ లెక్క ఇంకా జాగ్రత్తగా చూసుకోవాలి. ఈ విద్య తెలిసినవాళ్ళు ఇప్పుడు రోజుకూలీ మీద బతుకుతున్నారు.

మూడు రోజుల మ్యాచు ఆడిన పిచ్ పట్టీకి మూడు నాలుగు వారాల విశ్రాంతి కావాలి. గుంటలు పూడ్చాలి, గరిక మళ్ళీ లేవాలి. మరి జరుగుతున్నదేమిటి? శని, ఆదివారాల్లో కంపెనీల టీ20లు, పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి. మామూలు రోజుల్లో అకాడమీల పేరుతో అద్దెలు. సాయంత్రం పైపైన నీళ్ళు చల్లి, క్రీజు దగ్గర గుంటల్లో తడిమట్టి దిమ్మిస కొట్టి, మర్నాడు అదే పట్టీ మీద మళ్ళీ ఆట. ఎవరి డబ్బులు వాళ్ళకు వస్తాయి. మట్టి మాత్రం చచ్చిపోతుంది. ఆ తర్వాత ‘ఇక్కడ టర్ఫ్ నిలవదు, మ్యాటో ప్లాస్టిక్ గడ్డో పరుద్దాం’ అని ఫైలు కదులుతుంది. మ్యాట్ మీద ఆడి గొప్పవాళ్ళైనవాళ్ళు ఉన్నారు, కాదనం. కానీ పొద్దున ఎలా ఉందో సాయంత్రమూ అలాగే ఉండే నేల మీద, అరిగిపోయే వికెట్‌ను చదవడం ఎవరూ నేర్చుకోలేరు.

దీని దెబ్బ మొదట తగిలేది బౌలర్లకు. టీ20లో ఒక బౌలరుకు నాలుగు ఓవర్లు, అంటే 24 బంతులు. ఏడాది పొడవునా అలా వేసిన పిల్లాణ్ణి ఒక్కసారిగా మూడు రోజుల మ్యాచులో దించి రోజుకు 18 ఓవర్లు వేయమంటే నడుము ఎముకలో పగుళ్ళు వస్తాయి. భారం మెల్లగా పెంచకపోవడమే అందుకు కారణం, వాడి బలహీనత కాదు. పాతబంతి సంగతి కూడా అంతే. ఒక వైపు నునుపు కాపాడుతూ రెండో వైపు గరుకెక్కనిచ్చి, 40 ఓవర్లు దాటాక రివర్స్ స్వింగ్ (బంతి మామూలుకు ఎదురు దిక్కుకు గాల్లో వంగడం) రాబట్టాలి. 20 ఓవర్లకే పక్కన పడేసే బంతితో ఆ పని ఎవరికి వస్తుంది? 2025లో ఇంగ్లండ్ గడ్డ మీద మన హైదరాబాద్ పేస్ బౌలరు సిరాజ్ ఐదు టెస్టుల్లోనూ ఆడి 185.3 ఓవర్లు వేశాడు, 23 వికెట్లు తీశాడు. టీ20 లెక్కన అన్ని ఓవర్లు వేయాలంటే 46 మ్యాచులు చాలవు. లండన్ ఓవల్‌లో చివరి టెస్టు ఆరు పరుగుల తేడాతో గెలిచిన ఆ రోజు రాష్ట్రమంతా పండగ చేసుకుంది. ఆ ఓవర్లు వేసే నడుము ఎక్కడ తయారవుతుందో మీరే ఆలోచించండి.

బ్యాటింగూ అంతే. 1960 జనవరిలో కలకత్తా టెస్టులో మన హైదరాబాద్ బ్యాటరు జయసింహ ఐదు రోజులూ క్రీజులో కనబడ్డాడు. 2001లో ఈడెన్ గార్డెన్స్‌లో లక్ష్మణ్, ద్రావిడ్ నాలుగో రోజంతా ఒక్క వికెట్ పడనివ్వలేదు. 2021 జనవరి 11న సిడ్నీలో కాకినాడ కుర్రాడు హనుమ విహారి తొడ కండరం పట్టేసినా 161 బంతులు ఆడి 23 పరుగులతో నిలబడి టెస్టు కాపాడాడు. 161 బంతుల్లో 23 పరుగులకు ఏ ఐపీఎల్ వేలంలో ధర పలుకుతుంది సార్?

డబ్బు వచ్చిందని మాకు కోపం లేదు, అది స్పష్టంగా చెప్పాలి. ఒకప్పుడు ఇది నవాబుల, జమీందారుల ఆట. విజయనగరం మహారాజ్‌కుమార్ విజ్జీ 1930-31లో ఇంగ్లండ్ నుంచి ఆ కాలపు మేటి బ్యాటర్లు హాబ్స్‌ను, సట్‌క్లిఫ్‌ను రప్పించి తన జట్టులో ఆడించాడు. ఆ రోజుల్లో అయితే సిరాజ్ లాంటి ఆటో డ్రైవరు కొడుకు ఆ మైదానం గేటు దాటగలిగేవాడా? ఐపీఎల్ ఆ గేటు తెరిచింది. అయినా సిరాజ్‌ను వేలం దాకా తీసుకెళ్ళింది రాష్ట్రాల జట్లు రోజుల తరబడి ఆడే రంజీ ట్రోఫీలో 2016-17లో హైదరాబాద్ తరఫున తీసిన 41 వికెట్లే. నవాబుల దగ్గర ఎన్ని దోషాలున్నా ఆటకు రోజులు ఇచ్చారు. హైదరాబాద్‌లో 1930-31లో మొదలైన మొయిన్-ఉద్-దౌలా గోల్డ్ కప్ చాలా ఏళ్ళు ఫస్ట్ క్లాస్ (మూడు రోజులకు తక్కువ కాని పెద్ద మ్యాచుల) హోదాతో నడిచింది, 1973-74 సీజన్ తర్వాత ఆ హోదా పోయింది. కరోనా ఏడాది 2020-21లో ఐపీఎల్ జరిగింది, దేశవాళీ టీ20 జరిగింది, 1934-35 నుంచి ఒక్క ఏడూ ఆగని రంజీ మాత్రం ఆగిపోయింది. 2024-25లో దాన్ని రెండు ముక్కలు చేసి మధ్యలో తెల్లబంతి టోర్నీలు (పరిమిత ఓవర్ల పోటీలు) పెట్టారు. ఆ నిర్ణయాలు మీ చేతిలో లేవని మాకు తెలుసు. మైదానాలు మాత్రం మీ చేతిలోనే ఉన్నాయి.

2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో టీ20 ఉంది కనుక నిధులన్నీ అటే పోవాలని మీ శాఖలో మాట వినబడుతోంది. అమెరికాలో 2023 నుంచి టీ20 లీగ్ నడుస్తోంది, డాలస్‌లో మన తెలుగువాళ్ళే కుటుంబాలతో వెళ్ళి చూస్తున్నారు. సంతోషం. ఆ ఆటకు డబ్బు పెట్టేవాళ్ళు ప్రపంచమంతా ఉన్నారు. డబ్బు పుట్టనిది మూడు రోజుల ఆటకే, సర్కారు అవసరం ఉన్నదీ దానికే.

మేము అడుగుతున్నవి ఇవి. ప్రభుత్వ మైదానాల్లో కనీసం రెండింటిని అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా అద్దెలకు ఇవ్వకుండా రెండు, మూడు రోజుల మ్యాచులకే ఉంచండి. అండర్-16, అండర్-19 పిల్లలకు ఎర్రబంతితో ఆడే రోజులు పెంచండి. వికెట్లు చేసేవాళ్ళకు నెలజీతం ఇవ్వండి, వాళ్ళ దగ్గర పని నేర్చుకోవడానికి ఇద్దరేసి కుర్రాళ్ళను పెట్టండి. మైదానానికొక రోలరు ఇవ్వండి, చెడిపోయినవి బాగుచేయించండి. టెండరు పత్రాల్లో ‘టర్ఫ్’ అన్నచోట ‘మట్టి వికెట్’ అని రాయించండి. అన్నీ కాకపోయినా, ముందు ఆ రెండు మైదానాలూ ఇవ్వండి సార్. రోజులు ఇవ్వండి.

ఒక్క మనవి. మట్టి తోలడానికి, పొరలు వేయడానికి ఎండాకాలమే అదను. తొలకరికి గరిక నాటితేనే వానల్లో పట్టు దొరికి అక్టోబరు నాటికి వికెట్ ఆటకు వస్తుంది. ఫైలు జూన్ దాటితే ఇంకో ఏడు పోయినట్టే. మట్టి ఎక్కడిది తేవాలో, ఎన్ని లోడ్లు కావాలో లెక్క వేసి ఈ ఉత్తరంతో జత చేస్తున్నాం. ఏప్రిల్‌లోపు సంతకం పెట్టించండి.

ఇట్లు,
నగర క్లబ్బుల కోచ్‌లు, స్కోరర్లు, మైదానం పనివాళ్ళు