ఫార్మాట్ కొట్టే ముందు ఒక్క మాట అడగండి

సంపాదకులు గారికి నమస్కారం.

ఇంట్లో కంప్యూటర్ ఏ కాస్త మొరాయించినా "ఫార్మాట్ కొట్టేద్దాం", అంటే అందులో ఉన్నదంతా చెరిపేసి మళ్లీ కొత్తగా ఎక్కిద్దాం, అనే మన ఊరి రిపేరు షాపులవాళ్ల గురించి ఈ ఉత్తరం రాస్తున్నాను. ఆ మాటకు నేను సరే అని ఉంటే ఏం పోయేదో తల్చుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది.

మా వారు మర్చంట్ నేవీలో ఇంజనీరు. 2008 నుంచి ఓడ మీద నుంచి నాకు ఈమెయిళ్లు రాసేవారు. ఓడలో ఇంటర్నెట్ ఖరీదు కాబట్టి ఫొటోలు ఉండేవి కావు. నాలుగైదు లైన్లు, అవీ తెలుగు మాటలే ఇంగ్లీషు అక్షరాల్లో. ఆయన పోయి ఆరేళ్లయింది. ఆ మెయిళ్లన్నీ మా ఇంటి కంప్యూటర్లో, థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రాంలో ఉన్నాయి.

జూన్‌లో ఆ థండర్‌బర్డ్ ఉన్నట్టుండి మూతపడటం మొదలైంది. నోట్‌బుక్‌లో తేదీ, టైము, అప్పుడు ఏం చేస్తున్నానో రాసుకుంటూ వచ్చాను. 19 రోజుల్లో 14 సార్లు. ఒకసారి మెయిల్ రాస్తుంటే, ఒకసారి పప్పుకి పోపు వేసి వచ్చేసరికి దానంతటదే. వేళాపాళా లేదు.

ద్వారకానగర్‌లో ఒక షాపుకి ఆటోలో పట్టుకెళ్లాను. అక్కడి అబ్బాయి ఐదు నిమిషాలు చూసి, "ఫార్మాట్ కొడితే కొత్తదానిలా అయిపోద్ది మేడం" అన్నాడు. మరి నా మెయిళ్లో అంటే, "అవి ఆన్‌లైన్లో ఉంటాయి కదా" అన్నాడు. అందరివీ ఉండవు. మెయిల్ తెచ్చుకునే పద్ధతులు రెండు. ఐమ్యాప్ పద్ధతిలో అయితే మెయిల్ కంపెనీవాళ్ల కంప్యూటర్లో, అంటే సర్వర్లోనే ఉంటుంది. పాప్ పద్ధతిలో ఇంటి కంప్యూటర్లోకి దిగిపోతుంది, కాపీ అట్టే పెట్టమని సెట్టింగ్ పెట్టుకోకపోతే సర్వర్లో చెరిగిపోతుంది. ఆయన మా ఇంట్లో పెట్టింది పాపే. ఇంకేం మాట్లాడకుండా కంప్యూటర్ వెనక్కి తెచ్చేసుకున్నాను.

గాజువాకలో ఉండే మా అక్క కొడుకు ఫోన్లో చెబుతుంటే ఆ తర్వాతదంతా నేనే చేశాను. ముందుగా థండర్‌బర్డ్ మూసేసి, మెయిళ్లు, సెట్టింగులు ఉండే దాని ప్రొఫైల్ ఫోల్డర్ మొత్తం పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయించాడు. "ఇది అయ్యాకే మిగతాది పిన్నీ" అన్నాడు. ఆ రాత్రి టెన్షన్ లేకుండా పడుకున్నాను.

షిఫ్ట్ కీ నొక్కి ఉంచి థండర్‌బర్డ్ తెరిస్తే యాడ్‌ఆన్లు, అంటే దానికి అదనంగా తగిలించుకునే చిన్న ప్రోగ్రాములు, లేకుండా ట్రబుల్‌షూట్ మోడ్‌లో తెరుచుకుంటుంది. రెండు రోజులు బాగానే నడిచింది, మూడో రోజు మళ్లీ పడిపోయింది. అంటే తప్పు యాడ్‌ఆన్లది కాదు. తర్వాత ఇన్‌బాక్స్ పక్కన ఉండే ఎం.ఎస్.ఎఫ్. ఫైలు తీసేయమన్నాడు. అది మెయిళ్ల పట్టిక మాత్రమే, తీసేస్తే మళ్లీ తయారవుతుంది. కానీ ఏ తోకా లేకుండా ఇన్‌బాక్స్ అని ఉన్న ఫైలే అసలు మెయిళ్లు, దాని జోలికి పోకూడదు. పట్టిక తీశాక మెయిళ్లు చకచకా తెరుచుకున్నాయి గానీ మూతపడటం ఆగలేదు.

అప్పుడు క్రాష్ రిపోర్టులు, అంటే మూతపడినప్పుడు ప్రోగ్రాంలో ఎక్కడ ఆగిపోయిందో నమోదయ్యే వివరాలు, చదివించుకున్నాడు. ఒక్కోసారి ఒక్కోచోట పడిపోతోంది. ప్రోగ్రాంలో లోపం ఉంటే చాలావరకు ఒకేచోట పడుతుందట, చోటు మారుతోందంటే మెషీన్ని అనుమానించాలట. విండోస్‌లోనే ఉన్న మెమరీ డయాగ్నస్టిక్ అనే మెమరీ పరీక్ష పెట్టించాడు. హార్డ్‌వేర్ సమస్య ఉందని వచ్చింది. పాపం థండర్‌బర్డ్ తప్పే లేదు, తప్పంతా ర్యామ్‌ది, అంటే డబ్బా లోపల ఉండే మెమరీ పలకది.

ప్లగ్ పీకేసి, డబ్బా తెరిచి చూస్తే రెండు ర్యామ్‌లలో ఒకదాని అంచున పసుపు గీతలు నల్లగా మచ్చలు కట్టి ఉన్నాయి. మా కిటికీ సముద్రం వైపు. ఏటా రంగు వేయకపోతే కిటికీ ఊచలు తుప్పు పట్టిపోయే ఊరు మనది, కంప్యూటర్‌ని మాత్రం ఆ ఉప్పుగాలి వదులుతుందా? పిల్లలు వాడే తెల్ల రబ్బరుతో మెల్లగా తుడిచి, గట్టిగా కూర్చునేలా నొక్కి, మళ్లీ పరీక్ష పెడితే ఏ తప్పూ రాలేదు. ఇవాళ్టికి 24 రోజులు, ఒక్కసారి కూడా మూతపడలేదు.

ఆ రోజు ఫార్మాట్ చేయించి ఉంటే మెయిళ్లు పోయేవి, జబ్బు మాత్రం అలాగే ఉండేది.

షాపులవాళ్లను నేను కోరేది రెండే. ఫార్మాట్ చేసే ముందు "మీ మెయిళ్లు ఎక్కడ ఉన్నాయి, కాపీ తీశారా" అని అడగండి. సముద్రం దగ్గరి ఇళ్ల నుంచి వచ్చిన కంప్యూటర్లకు ముందు మెమరీ పరీక్ష పెట్టండి. పెద్దవాళ్లం మాకు ఏది ఎక్కడ ఉంటుందో తెలియదు, మీరు చెప్పిందే నమ్ముతాం. ఇలాంటివి వివరంగా రాసే శీర్షిక మీ పత్రికలో వారానికి ఒకటి పెడితే నా నోట్‌బుక్ జిరాక్స్ తీయించి పంపుతాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
పెదవాల్తేరు, విశాఖపట్నం