వార్షిక నివేదిక: ఈ ఏడాది ఊరి చరిత్ర నడకలు

సభ్యులందరికీ నమస్కారం.

సంక్రాంతి ముగ్గులు, ఉగాది, బతుకమ్మ ఎప్పటిలాగే బాగా జరిగాయి. ఫొటోలు వాట్సాప్ గ్రూపులో చూసే ఉంటారు, మళ్ళీ రాయను. కొత్తగా మొదలుపెట్టినవి చరిత్ర నడకలు. వాటి గురించే కాస్త వివరంగా చెబుతాను.

మనం ఉంటున్న ఈ ఫోర్సైత్ కౌంటీలో (అమెరికా, జార్జియా రాష్ట్రం) ఇల్లు కొనేముందు స్కూలు రేటింగ్ చూడనివాళ్ళు మనలో లేరు. ఈ నేల మీద ఇంతకుముందు ఎవరున్నారో ఆరా తీసినవాళ్ళు మాత్రం తక్కువే.

మొదటి నడక పూల్స్ మిల్ పార్కులో. వాగు మీద 1901లో కట్టిన కప్పున్న చెక్క వంతెన పిల్లలకు తెగ నచ్చింది. అక్కడ మొదట మిల్లు పెట్టింది ఇక్కడి ఆదివాసులైన చెరోకీల పెద్ద జార్జ్ వెల్చ్. 1832లో ఈ కౌంటీ ఏర్పడింది, 1838లో చెరోకీలను సైన్యం పశ్చిమానికి తరలించింది. వాళ్ళ కాలపు ‘వ్యాన్’ కుటుంబం సత్రాన్ని, ఆనకట్టతో ఏర్పడిన లేనియర్ సరస్సులో మునగకుండా విప్పి, చెరోకీల పాత రాజధాని న్యూ ఎకోటాలో మళ్ళీ నిలబెట్టారు. శ్రీశైలం ముంపు నుంచి కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని అలంపురానికి తరలించడం తెలిసిన పెద్దలకు ఇది వేరే చెప్పాల్సిన పని పడలేదు.

రెండో నడక, కౌంటీ కేంద్రమైన కమింగ్ డౌన్‌టౌన్‌లో 1912 నాటి ఒక మూకహత్యను గుర్తుచేస్తూ 2021లో పెట్టిన ఫలకం దగ్గరికి. దీని మీద కమిటీలో గట్టిగానే వాదన జరిగింది. 1912 సెప్టెంబరులో రాబ్ ఎడ్వర్డ్స్ అనే నల్లజాతి యువకుణ్ణి అల్లరిమూక జైల్లోంచి లాక్కెళ్ళి చంపింది. ఆ తర్వాత కొద్ది వారాల్లోనే కౌంటీలోని నల్లజాతివాళ్ళను, వెయ్యిమందికి పైగా, బెదిరించి వెళ్ళగొట్టారు. వాళ్ళ పొలాల్లో కొన్నింటికి డబ్బే ముట్టలేదు. ఇక్కడి జాతి వివక్షకు నిరసనగా 1987 జనవరి 17న ఊరేగింపుగా వచ్చినవాళ్ళ మీద రాళ్ళు రువ్వారు. సరిగ్గా వారానికి, 24న దాదాపు ఇరవై వేలమంది వచ్చి నడిచారు.

‘పండగలు చేసుకునే సంఘానికి ఇదంతా ఎందుకు’ అన్నారు కొందరు. 1987 నాటి ఆ ఊరేగింపులు లేకపోతే మనలాంటివాళ్ళం ఇక్కడ ఇంత నిశ్చింతగా పండగలు చేసుకోగలిగేవాళ్ళమా అన్నది నా ప్రశ్న. చివరికి హైస్కూలు పిల్లలను తల్లిదండ్రులతో కలిపి తీసుకెళ్ళాలని తేల్చాం. ఫలకం చదివాక ఎక్కువ ప్రశ్నలు అడిగింది తల్లిదండ్రులే.

వచ్చే ఏడాది కమింగ్ పక్కనున్న సానీ (Sawnee) కొండకు వెళ్దాం. తాతయ్యలు, అమ్మమ్మల కోసం ఫలకాల వివరాలు తెలుగులో ఒక కరపత్రంగా వేయాలి. రాయగలిగినవాళ్ళు, టైపు చేయగలిగినవాళ్ళు పేర్లివ్వండి. సభ్యత్వ రుసుము బాకీలు ఈ నెలాఖరులోగా కోశాధికారికి కట్టేయగలరు.

— కార్యదర్శి