శాతం సరే, దేని మీద?

సంపాదకుల గారికి నమస్కారం.

తమిళుల ఆడి నెల వచ్చిందంటే తిరుపతి గాంధీ రోడ్డులోనైనా, చిత్తూరు బజారులోనైనా తగ్గింపు బోర్డు లేని బట్టల కొట్టు కనిపించడం కష్టం. ‘20 శాతం + 20 శాతం’ అన్న బోర్డు చూపించి మొత్తం తగ్గింపు ఎంతని ఎనిమిదో తరగతి పిల్లల్ని అడగండి. ఎక్కువ మంది 40 అంటారు. వాళ్లకు గుణకారం వచ్చు. రెండో 20 దేని మీద కట్టాలో తెలియదు, అంతే. వెయ్యి రూపాయల చొక్కా మొదటి తగ్గింపుతో 800కు దిగుతుంది. రెండో 20 శాతం ఆ 800 మీద, అంటే 160. కట్టాల్సింది 640, తగ్గింది 36 శాతం. శాతాల పాఠంలో వచ్చే తప్పుల్లో చాలావరకు ఈ ‘దేని మీద’ దగ్గరే పుడతాయి. పాఠాన్ని అక్కడి నుంచే మొదలుపెట్టాలనీ, అందుకు మన ఊళ్ల బిల్లులు, మండీ చీటీలు చాలనీ చెప్పడానికే ఈ లేఖ.

‘శాతం’ అన్న మాట పిల్లలకు బళ్లో ఎదురవుతుంది గానీ ‘నూటికి’ అన్నది ఇంట్లోనే వింటారు. ‘రెండు రూపాయల వడ్డీ’ అంటే నూటికి నెలకు రెండు, ఏడాదికి 24 శాతం. అదే పిల్లవాడు సాధారణ వడ్డీ లెక్కలో దాన్ని ఏడాదికి 2 శాతంగా వేసేస్తాడు. పన్నెండింతల తేడా! అందుకని మొదటి రెండు రోజులు సూత్రం జోలికి పోకుండా ‘నూటికి’తోనే నడపడం మేలు. నూటికి ఐదైతే రెండొందలకు ఎంత, యాభైకి ఎంత, 640కి ఎంత? అంకెలు కూడా ముందు వందల్లో, తర్వాత 250, 640 లాంటివి, చివరికి 37.50. మొదటి రోజే 37.50 ఇస్తే పిల్లవాడి బుర్ర దశాంశ బిందువు దగ్గరే ఆగిపోతుంది, శాతం దాకా రాదు.

నోటిలెక్కకు ఒక్క 10 శాతం వస్తే చాలు. దానిలో సగం 5, ఆ సగంలో సగం రెండున్నర. 18 శాతం కావాలంటే 20 శాతం తీసి, అందులో పదోవంతు తగ్గించాలి. 450కి 20 శాతం 90, అందులో 9 తీస్తే 81. కాలిక్యులేటరు సరిచూసుకోవడానికి మాత్రమే ఇవ్వాలి.

ఇక బిల్లు. హోటల్లో టిఫిను బిల్లు 240 రూపాయలనుకుందాం. కింద సీజీఎస్టీ 2.5 శాతం 6 రూపాయలు, ఎస్జీఎస్టీ 2.5 శాతం 6 రూపాయలు, మొత్తం 252. రెండు వరుసలు చూడగానే కొందరు పిల్లలు మొదటి 6 కలిపి, వచ్చిన 246 మీద రెండో రెండున్నర కడతారు. 6.15 వస్తుంది, బిల్లుతో కలవదు. ఆ పదిహేను పైసలు ఎక్కడివని వాళ్లతోనే వెతికించాలి. కేంద్రానికి సగం, రాష్ట్రానికి సగం, రెండూ ఆ 240 మీదే. వేరే రాష్ట్రం నుంచి తెప్పించిన వస్తువు బిల్లులో ఐజీఎస్టీ అని ఒకటే వరుస ఉంటుంది, అదీ పక్కన పెట్టి చూపించొచ్చు. జీఎస్టీ వచ్చింది 2017 జూలై 1న. అయినా అంతకు ముందున్న అమ్మకపు పన్ను వ్యాట్ పేరుతో అభ్యాసాలు ఇచ్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వ్యాట్ చూడాలంటే పెట్రోలు బంకుకు పోవాలి.

అన్నిటికన్నా ఎక్కువ మంది తడబడేది వెనక్కి కట్టే లెక్కలో. పెట్టె మీద ఎమ్మార్పీ 3,540 అని ఉన్న మిక్సీలో 18 శాతం పన్ను ఎంత? ఎమ్మార్పీ అంటే పన్నులన్నీ కలిసిన ధర. పిల్లలు 3,540కి 18 శాతం కట్టి 637.20 తీసేసి, అసలు ధర 2,902.80 అంటారు. తప్పు అని కొట్టేయకుండా, ఆ 2,902.80కి 18 శాతం కలపమనాలి. 3,425 చిల్లర వస్తుంది. 3,540 రాలేదు కదా! అప్పుడు బోర్డు మీద ఒకదాని కింద ఒకటి రెండు గీతలు గీయాలి. పై గీత మీద 0, 100, 118. కింది గీత మీద 0, ఖాళీ, 3,540. 118కి ఎదురుగా 3,540 నిలబడితే ఒక్కో వంతు 30 రూపాయలు. వందకు 3,000, పద్దెనిమిదికి 540. ఈ రెండు గీతలు వచ్చిన పిల్లలకు 5 శాతం పన్ను కలిసిన ధరను 21తో భాగిస్తే పన్ను ఎందుకొస్తుందో వేరే చెప్పక్కర్లేదు. 84 రూపాయల సబ్బుల ప్యాకెట్టులో పన్ను 4 రూపాయలు.

2025 సెప్టెంబరు 22న రేట్లు మారడం లెక్కల పాఠానికి మంచి ముడిసరుకు. నోటు పుస్తకం, పెన్సిలు, రబ్బరు మీద పన్ను సున్నా అయింది. రోజుకు 7,500 రూపాయలు, అంతకు తక్కువ అద్దె ఉండే హోటల్ గదికి 12 నుంచి 5కు దిగింది. యాత్రికుల మీద బతికే మన ఊళ్లో ఇది తెలియని ఇల్లుండదు. మరి గది ఎంత శాతం చవకైంది? ‘7’ అని పెద్దలూ అంటారు. వెయ్యి రూపాయల గదికి అప్పుడు 1,120, ఇప్పుడు 1,050. 70 తగ్గింది, కానీ 1,120 మీద. ఆరుంపావు శాతం. 28 నుంచి 18కి దిగిన వస్తువు ధరైతే 8 శాతం కూడా తగ్గలేదు.

తగ్గింపు ముందా, పన్ను ముందా అని పిల్లలు తప్పక అడుగుతారు. రెండూ శాతాలే అయితే ఏది ముందు వేసినా చివరి ధర ఒకటే. గుణకారం కదా, వరుస మారితే ఏం కాదు. ‘100 రూపాయలు తగ్గింపు’ అని కూపన్ ఉంటే మాత్రం తేడా వస్తుంది. రేటే మారే చోట ఇంకా పెద్ద తేడా. కుట్టిన దుస్తులకు ఒక్కోటి 2,500 దాకా 5 శాతం, దాటితే 18. పన్ను కలపని ధర 3,000 ఉన్న చొక్కాకు 10 శాతం తగ్గిస్తే 2,700, పన్నుతో 3,186. అదే 20 శాతం తగ్గిస్తే 2,400, పన్నుతో 2,520. ఇంకో 300 తగ్గించినందుకు కొనేవాడికి 666 కలిసొచ్చింది. ఇలాంటి మెట్టు కనిపెట్టినప్పుడు తరగతిలో సందడి చూడాలి.

బంగారం గురించి రెండు ముక్కలు. సవర, అంటే 8 గ్రాములు, లెక్కకు 80,000 అనుకుంటే, తరుగు (నగ చేసేటప్పుడు పోయే బంగారానికి వేసేది) 10 శాతం కలిపి 88,000, దాని మీద జీఎస్టీ 3 శాతం 2,640. మొత్తం 90,640. పదీ మూడూ పదమూడని కలిపేస్తే 240 రూపాయలు తక్కువొస్తుంది.

కమీషన్ పాఠాన్ని ఇళ్లు అమ్మిపెట్టే ఏజెంటుతో చెప్పేకన్నా టమోటాతో చెప్పడం నయం. రైతు 40 బాక్సులు మదనపల్లె మండీకి తెచ్చాడు. అంకెలు లెక్క కోసం వేసినవే: బాక్సు 300, కమీషన్ నూటికి పది, హమాలీ బాక్సుకు 8, బండి బాడుగ 1,400. అమ్మకం 12,000. కమీషన్ 1,200, హమాలీ 320, బాడుగ 1,400 పోగా చేతికి 9,080. నూటికి 75 రూపాయల పైచిలుకు. రేటు బాక్సు 100కు పడితే అమ్మకం 4,000. కమీషన్ 400కు దిగుతుంది, హమాలీ, బాడుగ మాత్రం అంతే. చేతికి 1,880, నూటికి 47. ధర మూడో వంతుకు పడితే రైతు చేతికొచ్చేది ఐదో వంతుకు ఎందుకు పడిందో పిల్లలే చెప్పాలి. ధరతో పాటు కదిలేది కమీషన్ ఒక్కటే. బండివాడికి కిలోమీటర్లతో పని, టమోటా రేటుతో కాదు. ఈ తేడా పట్టుకోని పిల్లలు అన్ని ఖర్చులనూ శాతంగా కట్టేస్తారు. ఇక్కడా వెనక్కి లెక్క ఉంది: కమీషన్ పోగా 9,000 మిగలాలంటే ఎంతకు అమ్మాలి? 9,900 అంటే పాత తప్పే.

తోతాపురి మామిడి ఇంకో మంచి లెక్క. 2025లో ధర పడిపోయినప్పుడు గుజ్జు ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు కలిపి రైతుకు 12 ఇవ్వాలన్నారు. ఆ 4 రూపాయలు ఎంత శాతం? ఫ్యాక్టరీ ధర మీద 50. రైతుకు అందే మొత్తంలో 33కు పైన. ఒకడు సగం సాయమంటాడు, ఇంకొకడు మూడో వంతంటాడు, ఇద్దరి లెక్కా సరైందే.

చేసేటప్పుడు ఎదురయ్యే ఇబ్బందులు కొన్ని. దుకాణాల మిషను బిల్లుల మీద అక్షరాలు కొన్ని నెలలకే వెలిసిపోతాయి, తెచ్చిన రోజే జిరాక్సు తీయించాలి. పేరు, ఫోను నంబరు కొట్టేయాలి. ఎవరింటి బిల్లు ఎంతన్నది తరగతిలో చర్చకు రాకూడదు. బిల్లు తేలేని పిల్లలు ఉంటారు కాబట్టి అన్నీ కలిపి కుప్పవేసి పంచాలి. ఉత్తుత్తి అంగడి ఆట పెడితే బేరాలకే పీరియడ్ అయిపోతుంది. నలుగురికో జట్టు, ఒకరు అమ్మేవాడు, ఒకరు కొనేవాడు, ఒకరు బిల్లు రాసేవాడు, నాలుగోవాడు దాన్ని వెనక్కి కట్టి తప్పు పట్టేవాడు. ఆ నాలుగో పని అందరికీ వంతులవారీగా రావాలి. జవాబు పక్కన ‘దీని మీద’ అని ఆ మొత్తం రాయకపోతే మార్కు వేయకూడదన్నది మా పట్టు. ‘5 శాతం’ అని వదిలేయకుండా ‘240 మీద 5 శాతం’ అని రాయాలి.

మీ పత్రిక పిల్లల పేజీలో వారానికొక బిల్లు, పేర్లు తీసేసి, ఒక్క అంకె ఖాళీగా ఉంచి అచ్చు వేయగలరా? ఒక వారం కిరాణా, ఒక వారం మండీ చీటీ, ఒక వారం పాలకేంద్రం చీటీ. జవాబు మరుసటి వారం వేస్తే చాలు. నమూనాలు పంపడానికి మేము సిద్ధం.

ఇట్లు,
ఇద్దరు గణితోపాధ్యాయులు, ఒక దుకాణం గుమాస్తా
తిరుపతి